రెండుసార్లు మోగిన తొమ్మిదిన్నర

త్రిపురసుందరి నాచారంలో ఆ ఇంటి గేటు తీసేసరికి మధ్యాహ్నం రెండు నలభై అయింది.

ఉప్పల్ నుంచి ఆటోలో వస్తూనే ఆమె తన చిన్న పుస్తకంలో మూడు టైములు ఒకదాని కింద ఒకటి రాసుకుంది. ఆ ఇంటాయన గొంతు చివరిసారి వినిపించింది, పోలీసుల లెక్క ప్రకారం, పొద్దున తొమ్మిది యాభై ఒకటికి. ఆయన ఇంట్లో లేడని తెలిసింది పన్నెండు నలభైకి. అనుమానం మీద శివ అనే మనిషిని జీపెక్కించింది ఒకటీ యాభైకి. మొదటి టైముకీ రెండోదానికీ మధ్య దాదాపు మూడు గంటల ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఆమెకి నచ్చలేదు.

సుందరికి నలభై ఏడేళ్లు. పంతొమ్మిదేళ్లు టెలిఫోన్ శాఖలో ఫాల్టులు వెతికే పని చేసి, స్వచ్ఛందంగా రిటైరై, ఉప్పల్‌లో ఒక జిరాక్స్ షాపు మేడ మీద డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. లైను చచ్చిపోయిందని ఎవరు ఫిర్యాదు చేసినా ముందు వాళ్ల మాట నమ్మకుండా ప్లగ్గు చూడడం ఆమెకు అప్పటి నుంచీ ఉన్న అలవాటు.

గేటు దగ్గర త్రివేణి నిలబడి ఉంది. శివ భార్య, ఫోన్ చేసి పిలిచిన మనిషి. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. లోపలికి నడుస్తూనే సంగతి చెప్పింది. వాళ్లది జనగామ వైపు ఊరు. శివ నాచారంలో ప్లాస్టిక్ సామాన్లు పోతపోసే ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్. ఈ ఇంటి పై వాటాలో నాలుగేళ్లుగా అద్దెకుంటున్నారు. కింద ఉండేది ఇల్లుగలాయన గంగాధరరావు. ఉప్పల్ రోడ్డులో ఒక కేంద్ర పరిశోధన సంస్థలో భూమి అదురు కొలిచే యంత్రాల మీద ముప్పై అయిదేళ్లు పనిచేసిన సైంటిస్టు. వయసు అరవై తొమ్మిది. పిల్లల్లేరు, భార్య సుశీలమ్మ పోయి ఆరేళ్లయింది. రెండేళ్ల కిందట ఆయన మెదడులో చిన్న రక్తనాళం మూసుకుపోయింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. పాత సంగతులన్నీ గుర్తే. ఇవాళ పొద్దున ఏం చేశాడో మాత్రం నిలవదు. షుగరుంది, రోజూ పొద్దున ఇన్సులిన్ సూది వేసుకోవాలి. వేసుకున్నాడో లేదో ఆయనకే తెలియదు.

అందుకే ఆయనా, శివా కలిసి ఒక పెట్టె చేసుకున్నారు. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, దానికొక మైకు, ఒక స్పీకరు, చుట్టూ ప్లైవుడ్డు. "మైనా" అని పిలిస్తే పలుకుతుంది, టైము చెబుతుంది. ఎవరూ పిలవకపోయినా టైముకి సూది, టిఫిను, నడక, మాత్రలు గుర్తుచేస్తుంది. ఏడాదిగా ఆయన దాని మాట మీదే బతుకుతున్నాడు.

"సారు దాన్ని నమ్మినంత నన్ను గూడ నమ్మడు మేడం," అంది త్రివేణి. "గా పెట్టెనే మా ఆయన మీద సాక్ష్యం జెప్తుందంట."

హాల్లో పేము కుర్చీలో ఎస్సై ఉమామహేశ్వర్ కూర్చుని ఉన్నాడు. నలభై లోపు వయసు, చురుకైన కళ్లు. నిరుడు బోడుప్పల్‌లో ఒక నగల కేసులో సుందరి చెప్పిన మాట నిజమై, ఆయన చెప్పిన మాట తప్పయింది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. కిటికీ దగ్గర చేతిలో ఫోనుతో ముప్పై రెండేళ్ల కుర్రాడు, ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడ్డాడు. గంగాధరరావు అన్న కొడుకు ధీరజ్. బోడుప్పల్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒంటిగంటకి ఫిర్యాదు ఇచ్చింది అతనే.

ఎస్సై లేవకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. "టెలిఫోన్ మేడం, ఇది లైను ఫాల్టు కాదు. మనిషి పోయిండు."

"మనిషి ఎప్పుడు పోయాడో మీకు చెప్పింది ఒక మెషీను. అది ఫాల్టో కాదో చూడ్డానికే వచ్చాను," అంది సుందరి.

ఎస్సై తన కేసు గట్టిదని చూపించుకోవడానికి వెనకాడలేదు. ఎదురింటి శ్యామలమ్మ తొమ్మిది ఇరవైకి శివ కింది వాటాలోకి రావడం చూసింది. తొమ్మిది యాభై అయిదుకి బైకు మీద గోనెసంచి పెట్టుకుని స్టార్టు చెయ్యడమూ చూసింది. వెనక సీటు మీద ఎవరైనా ఎక్కారో లేదో చూడకుండా ఆమె లోపలికి వెళ్లిపోయింది. పది నిమిషాల్లో చేరాల్సిన ఫ్యాక్టరీలో శివ వేలిముద్ర వేసింది పది నలభైకి, ఆ తర్వాత జీపెక్కేదాకా అక్కడే ఉన్నాడు. మధ్యలో నలభై అయిదు నిమిషాలు ఎక్కడున్నావంటే, పాడైన టేబుల్ ఫ్యాను సంచిలో వేసుకుని వైండింగు షాపుకి పోయానంటాడు. ఇక ఆ పెట్టె. దాని మెమరీ కార్డులో తను గుర్తుచేసినవీ, పెద్దాయన ఒక్కడి మాటలూ టైముతో సహా అక్షరాల్లో రాసుకుంటుంది. కంప్యూటర్లు తెలిసిన కానిస్టేబుల్ ఒకటిన్నరకి ఆ కార్డు తీసి, టైముల వరసలో పేర్చి ప్రింటు తీశాడు.

ఎస్సై ఆ కాగితం ఆమె ముందు పెట్టాడు. చివరి నాలుగు వరసలు ఇవి. గుర్తు అంటే పెట్టె గుర్తుచేసిన మాట, పక్కన అంకె దాని నంబరు.

9.30 – గుర్తు 3
9.30 – గుర్తు 3
9.50 – గుర్తు 4
9.51 – మనిషి: వస్తున్నా శివా ఆగు

"శివ పిలిచిండు, పెద్దాయన పోయిండు. నాలుగు నిమిషాలకు బండి కదిలింది. ఏడ దించిండో రాత్రి లోపల చెప్పిస్త," అన్నాడు ఎస్సై.

సుందరి రెండో వరస మీద వేలుపెట్టి, గుర్తు మూడు రెండుసార్లు ఎందుకు పడిందని అడిగింది. ప్రింటరు తప్పయి ఉంటుందన్నాడాయన.

ఆమె ధీరజ్ వైపు తిరిగింది. శివ మీద అతనికి ఎందుకు అనుమానమో అడిగింది. అతను మర్యాదగానే చెప్పాడు. బాబాయిని ఒంటరిగా ఉంచొద్దని ఏడాదిగా పోరుతున్నాడు. నాగారం దాటాక పెద్దవాళ్లను చూసుకునే మంచి హోమ్ ఒకటి మాట్లాడి పెట్టాడు. ఎప్పుడడిగినా బాబాయి ఆ పెట్టె చూపించి, ఇది ఉంది, శివ ఉన్నాడు, నాకేం భయమని తోసేస్తాడు.

"ఒక బయటివాడి చేతిలో మనిషిని పెట్టేశాం మేడం. ఏదో ఒకటి జరుగుతుందని నాకు తెలుసు," అన్నాడు ధీరజ్.

బాబాయి సంగతి మాట్లాడుతున్నంతసేపూ అతను ఫోను జేబులో పెట్టలేదని సుందరి గమనించింది. ఈ రోజుల్లో అది పెద్ద తప్పేమీ కాదని కూడా అనుకుంది.

పెట్టెను చూస్తానని అడిగింది. కార్డు తీసి మళ్లీ పెట్టిన దగ్గర్నుంచీ అది పలకడం లేదని, దానితో ఇక పనేమీ లేదని అన్నాడు ఎస్సై. సాక్ష్యాన్ని బయటివాళ్లు ముట్టుకోకూడదు కదా అని ధీరజ్ గుర్తుచేశాడు. సుందరి ఎస్సైనే చూస్తూ చెప్పింది. నడుస్తున్న మెషీను నోట్లోంచి కార్డు పీకింది వాళ్ల కానిస్టేబులే. రేపు కోర్టులో ఎవరైనా ఆ మాట అడిగితే, పని చేస్తున్న పెట్టెను చూపించడం ఆయనకే మంచిది.

ఎస్సై గడియారం చూసుకున్నాడు. "పది నిమిషాలు. నా ముంగటనే."

సుందరి పడకగది గుమ్మం పక్కనున్న పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ముందు కరెంటు. బోర్డు మీద ఎర్ర లైటు నిలకడగా వెలుగుతోంది, అంటే కరెంటు అందుతోంది. దాని పక్కన పచ్చ లైటు మిణుకు మిణుకుమనాలి, అది చీకటిగా ఉంది. కార్డును బోర్డు చదవడం లేదన్న మాట. మూత విప్పి టార్చి వేసి చూసింది. కార్డు దాని గాడిలో లేదు. గాడికీ పెట్టె గోడకీ మధ్య సందులో ఇరుక్కుని ఉంది. కానిస్టేబుల్ హడావిడిలో అక్కడికి తోసేశాడు. దాన్ని గోటితో లాగి, కొంగుతో తుడిచి, గాడిలో పెట్టి చివరిదాకా నొక్కి, కరెంటు తీసి ఇచ్చింది.

పచ్చ లైటు రెండుసార్లు మిణికి ఆగి, తర్వాత వరసగా కొట్టుకుంది. నిమిషం గడిచింది. "మైనా," అని పిలిచింది. జవాబు లేదు. స్పీకరు నుంచి సన్నని జుయ్యిమనే చప్పుడు వస్తోంది కనుక నోరు బాగానే ఉంది, చెవిలోనే ఏదో ఉంది. మైకు ప్లగ్గు సగం బయటికి వచ్చి ఉంటే లోపలికి నొక్కింది.

"మైనా, టైమెంత?"

"టైం పది గంటల పదిహేడు నిమిషాలు."

గదిలో అందరూ త్రివేణి వైపు చూశారు. పెట్టెలోంచి వచ్చింది ఆమె గొంతే. త్రివేణి సిగ్గుపడుతూ చెప్పింది. మెషీను గొంతు సారుకి అర్థం కాకపోయేది. అందుకని అంకెలన్నీ, గుర్తుచేసే మాటలన్నీ మూడు ఆదివారాలు కూర్చుని తనూ శివా చెప్పి ఎక్కించారు.

సుందరి మాత్రం తన చేతి గడియారం చూస్తోంది. అది రెండు యాభై ఎనిమిది చూపిస్తోంది.

నాలుగున్నర గంటలకు పైగా తేడా. ఆమె కరెంటు తీసి మళ్లీ పెట్టింది. నిమిషమాగి మళ్లీ అడిగింది. మళ్లీ పది గంటల పదిహేడు నిమిషాలే. ఎస్సై కుర్చీలోంచి లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు.

గోడమీది టీవీకి ఒక వైరు, గంగాధరరావు బల్ల మీది కీబోర్డుకి ఒక వైరు కలిపింది. అసలు రికార్డు, ఎవరూ వరస మార్చనిది, టీవీ తెర మీద పడింది. ఆమె కిందికి జరుపుతూ ఒక చోట ఆగింది. తొమ్మిది ముప్పైకి గుర్తు మూడు. దాని కింద, మెషీను మొదలైంది అన్న వరస. దాని టైము తొమ్మిది పదిహేడు.

"ముప్పై తర్వాత పదిహేడు ఎట్లా వస్తుంది సార్?" అని అడిగింది సుందరి.

శ్యామలమ్మను పిలిపించమని ఎస్సై కానిస్టేబుల్‌కి సైగ చేశాడు.

అరవై ఏళ్ల శ్యామలమ్మ భయపడుతూ వచ్చింది. ఇందాక చెప్పింది తప్పా అని అడిగింది. తప్పు కాదని, ఇంకొక్క సంగతి కావాలని సుందరి ఆమెను కూర్చోబెట్టింది. ఈ వీధిలో ఇవాళ కరెంటు పోయిందా?

"పోయింది గద బిడ్డా. లైను పని ఉన్నదని నిన్ననే ఫోన్ల మెసేజ్ వెట్టిన్రు. తొమ్మిదిన్నర దాటంగనే పోయింది. మిక్సీల పచ్చడి సగంల ఆగింది. మల్ల వచ్చింది పదకొండు నలభైకి. నేను గడియారం సూసుకుంటనే కూసున్న."

సుందరి పుస్తకం తీసి కొత్త పేజీలో రాస్తూ పైకి చెప్పింది. ఈ చిన్న బోర్డుకి సొంత గడియారం ఉండదు. ఇంటర్నెట్ ఉంటే అక్కడి నుంచి టైము తెలుసుకుంటుంది. అది లేనప్పుడు గంటకొకసారి, గంట దాటిన పదిహేడో నిమిషాన, టైము కార్డు మీద రాసిపెట్టుకుంటుంది. కరెంటు హఠాత్తుగా పోయి మళ్లీ వస్తే, మధ్యలో ఎంతసేపు గడిచిందో దానికి తెలియదు. చివరిసారి రాసుకున్న టైము నుంచే మొదలుపెడుతుంది. ఇంటర్నెట్ సంగతి అడిగితే, సోమవారం లారీ తగిలి కేబులు తెగిందని, ఇంకా రాలేదని త్రివేణి చెప్పింది.

"పదకొండు నలభైకి కరెంటు వచ్చింది. పెట్టె లేచి, ఇది తొమ్మిది పదిహేడు అనుకుంది. అప్పటి నుంచి రెండు గంటల ఇరవై మూడు నిమిషాలు వెనక నడిచింది," అంది సుందరి. "మీ తొమ్మిది యాభై ఒకటి అసలు తొమ్మిది యాభై ఒకటి కాదు. అప్పుడు ఈ ఇంట్లో కరెంటే లేదు. గంగాధరరావు గారు ఆ మాట అన్నది మధ్యాహ్నం పన్నెండు పద్నాలుగుకి. శివ పది నలభైకి ఫ్యాక్టరీలో వేలిముద్ర వేశాడు. మీరు జీపెక్కించేదాకా ఫ్యాక్టరీ గేటు దాటలేదు."

"మరి శివా అని ఎందుకు పిలిచిండు?" ఎస్సై గొంతు గట్టిగానే ఉంది కానీ ఇందాకటి ధీమా లేదు.

సుందరి కీబోర్డు మీద గుర్తు నాలుగు వెతికి నొక్కింది. పెట్టె శివ గొంతుతో మాట్లాడింది.

"సారూ, నడకకు టైమైంది. కర్ర దీస్కొని బయటికి రాండ్రి."

శ్యామలమ్మ గుమ్మం వైపు చూసింది, మనిషి వచ్చాడేమోనని. త్రివేణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎస్సై కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. శివను బెంచీ మీద కూర్చోబెట్టి చాయ్ ఇవ్వమని, తాను వచ్చేదాకా ఎవరూ చెయ్యి వెయ్యొద్దని స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పాడు.

త్రివేణి గోడకి జారగిలబడి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. సుందరికి కూడా ఆ క్షణం తేలికగానే అనిపించింది. కానీ ఆమె కళ్లు టీవీ మీది ఇంకో వరస దగ్గరికి పోయాయి. మెషీను మళ్లీ మొదలయ్యాక తొమ్మిది ముప్పైకి గుర్తు మూడు.

అది నొక్కింది. ఈసారి త్రివేణి గొంతు.

"పెద్దసార్, తొమ్మిదిన్నరయింది. సూది ఏసుకోండ్రి. ఎంబడే టిఫిన్ తినుండ్రి."

సుందరి వెంటనే పడకగదిలోకి నడిచింది. మంచం పక్క బల్ల మీద ఇన్సులిన్ పెన్ను ఉంది. పక్కన వాడిన సూదులు వేసే ప్లాస్టిక్ డబ్బా. ఆ డబ్బా రోజూ పొద్దునే శివ ఖాళీ చేస్తాడని, ఇవాళ కూడా సూది వేసుకోకముందే ఖాళీ చేశాడని త్రివేణి చెప్పింది. సుందరి డబ్బా వంచి చూసింది. లోపల రెండు సూదులున్నాయి.

పొద్దున తొమ్మిదిన్నరకి శివ ఎదుటే ఆయన సూది వేసుకుని ఇడ్లీ తిన్నాడు. అయిదు నిమిషాలకి కరెంటు పోయింది. పెట్టె నోరు మూసుకుంది. శివ వెళ్లిపోయాడు. పెట్టె చెబితే తప్ప కదలని మనిషి రెండు గంటలు కుర్చీలో దాని పిలుపు కోసమే కూర్చుని ఉంటాడు. పదకొండు యాభై మూడుకి అది మళ్లీ తొమ్మిదిన్నర అంది. ఆయనకి పొద్దుటి సంగతి గుర్తులేదు. మళ్లీ సూది వేసుకున్నాడు. టిఫిన్ డబ్బా తెరిచాడు, అది ఖాళీ. ఇరవై నిమిషాలకి నడకకి రమ్మంది. కడుపులో తిండి లేకుండా, ఒంట్లో రెండు రోజుల మందుతో, నడి ఎండలో బయల్దేరాడు.

"నా గొంతే జెప్పింది," అంది త్రివేణి. "నేనే ఏసుకోమన్న."

సుందరి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. "నువ్వు చెప్పింది సరైన మాట. టైము తప్పింది గడియారమే. ఏడవకుండా చెప్పు, ఆయన నడకకి ఎటు పోతాడు?"

వీధి చివర పార్కుకి. పది నిమిషాల నడక. రోజూ అదే దారి, అదే బెంచీ. ఎస్సై అడ్డుపడ్డాడు. పార్కు దగ్గర అడిగారు, పొద్దున నడిచేవాళ్లు ఎవరూ ఆయన్ని చూడలేదు.

"మీరు అడిగింది పది గంటల మనుషుల్ని," అంది సుందరి. "పన్నెండున్నరకి ఎవరున్నారో అడగండి."

టైము మూడు పన్నెండు. రెండో సూది వేసుకుని మూడు గంటల ఇరవై నిమిషాలు. ఎస్సై అప్పటికే గేటు దగ్గరికి పరుగెత్తుతున్నాడు.

పార్కు గేటుకి తాళం వేసి ఉంది. మధ్యాహ్నం నాలుగు దాకా తెరవరు. గోడ పక్క గుడిసె నీడలో పార్కులో పనిచేసే వెంకటనర్సమ్మ కునుకు తీస్తోంది. లేపి అడిగితే, పన్నెండుకే పెద్ద గేటు మూసేశానంది. పక్క గేటు మాత్రం చెత్త బయట వేయడానికి తెరిచే ఉంచింది. చెత్తబండి దగ్గరికి పోయి వచ్చి పన్నెండున్నరకి తాళం వేసి అన్నానికి వెళ్లింది. లోపల ఎవరన్నా ఉన్నారేమో చూడలేదు. ఆ ఎండలో ఎవరొస్తారనుకుంది.

ఎస్సై తాళంచెవి అందుకుని తనే తీశాడు.

బెంచీ ఖాళీగా ఉంది. దానికి చేతికర్ర ఒక్కటే ఆనించి ఉంది. ఎండ ఆ బెంచీ మీద సూటిగా పడుతోంది. మనిషన్నవాడు మతి తప్పినా నీడకే జరుగుతాడు. నీడ ఎటుందో చూసి సుందరి అటు నడిచింది. నీళ్ల మోటారు గది వెనక, గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపుకుని గంగాధరరావు ఉన్నాడు. చొక్కా అంతా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. తల ఒక పక్కకి వాలింది.

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి వేగంగా, సన్నగా కొట్టుకుంటోంది.

"బతికున్నారు," అంది. ఆ మాట తన నోటి నుంచే వింటే గాని ఆమెకి నమ్మకం కలగలేదు.

పిలిస్తే కళ్లు సగం తెరిచి ఏదో గొణిగాడు. వెంకటనర్సమ్మ చాయ్ కోసం దాచుకున్న పంచదార పరుగున తెచ్చింది. సుందరి తడివేలితో కొంచెం కొంచెంగా ఆయన చిగుళ్లకి రాసింది. ఎస్సై టోపీ తీసి కానిస్టేబుల్‌కి ఇచ్చి, రెండు చేతులూ కింద పెట్టి, ఆ పొడుగాటి మనిషిని చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తుకున్నాడు. జీపు దాకా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

మూడు నలభై ఒకటికి నర్సింగ్ హోమ్. రక్తంలో షుగరు ముప్పై ఎనిమిది. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ సూది గుచ్చుతూనే అంది. గ్లూకోజు ఎక్కించారు. నాలుగు ఇరవైకి గంగాధరరావు కళ్లు పూర్తిగా తెరిచి, చుట్టూ చూసి, ముందు త్రివేణిని గుర్తుపట్టాడు.

"ఇవాళ ఇడ్లీ పెట్టలేదేం తల్లీ? డబ్బా ఖాళీగా ఉంది," అన్నాడు.

త్రివేణి నవ్వబోయి ఏడ్చింది, ఏడవబోయి నవ్వింది. కింద క్యాంటీన్‌కి పరుగెత్తి, డాక్టరమ్మ సరేనన్నాక, నాలుగిడ్లీలు తెచ్చి ముక్కలు చేసి తినిపించింది. వెంటే వచ్చిన ధీరజ్ బాబాయి కాళ్ల దగ్గర నిలబడి, దేవుడి దయ అన్నాడు. అన్నీ తను చూసుకుంటానని, అందరూ వెళ్లి కాస్త ఊపిరి తీసుకోమని చెప్పాడు. సుందరికి నిజంగానే ఊపిరి కావాలి. త్రివేణిని తీసుకుని కిందికి దిగింది. ఇద్దరూ క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చున్నారు.

అయిదున్నరకి ఎస్సై జీపు వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి శివ దిగాడు. వెనక సీట్లో కాదు, ముందు సీట్లో కూర్చోబెట్టి తెచ్చాడు ఎస్సై. క్షమాపణ అనే మాట ఆయన నోటికి రాలేదు. వైండింగు షాపువాడు ఫ్యాను చూపించాడని మాత్రం చెప్పి, అందరికీ తనే చాయ్ చెప్పాడు. సుందరి దాన్ని క్షమాపణ కిందే తీసుకుంది.

శివ ముప్పై ఏళ్లవాడు, బక్కగా ఉన్నాడు. త్రివేణి అతని చెయ్యి వదల్లేదు. సారు ఇడ్లీ తిన్నాడని విన్నాక అతను కళ్లు తుడుచుకున్నాడు. అసలేం జరిగిందని అడిగాడు. సుందరి కరెంటు పోవడం, పెట్టె తొమ్మిది పదిహేడు దగ్గర్నుంచి మొదలవడం చెప్పింది. సగం వినగానే అతను తల అడ్డంగా ఊపాడు.

"గట్ల కానే కాదు మేడం. పోయిన నెల ఒకపారి కరెంటు పోయి గిట్లనే టైం తప్పింది. అందుకే బటన్ బ్యాటరీ ఉన్న చిన్న గడియారం ముక్క తెచ్చి బోర్డుకు పెట్టిన. కరెంటు ఎన్ని గంటలు పోయినా టైం తప్పదు. పెట్టెల ఏ టైం పడిందో స్టేషన్ల నాకు ఎవ్వరు జెప్పలే. పెట్టె టైం కరెక్టే అనుకున్న."

సుందరి చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది. పెట్టె మూత విప్పింది తనే. లోపలంతా టార్చి వేసి చూసింది తనే. అక్కడ అలాంటి ముక్క ఏదీ లేదు.

"అది ఉందని నీకు కాక ఇంకెవరికి తెలుసు?"

శివ ఆలోచించాడు. "ఆదివారం ధీరజ్ సార్ వచ్చిండు. మూత తీసి చూపియ్యమన్నడు. గిదేందని అడిగితే, గిది లేకుంటే కరెంటు పోయినప్పుడల్లా పెట్టె ఎనకకు పోతదని జెప్పిన. నిన్న పొద్దుగూకంగ మల్ల వచ్చిండు. నేను డ్యూటీల ఉన్న."

నిన్ననే కరెంటు మెసేజ్ వచ్చింది. పెట్టె ఒక్కసారి తప్పితే చాలు, బాబాయి ఒంటరిగా ఉండలేడని రుజువవుతుంది. తప్పు శివ మీదికి పోతే ఆ తోడు కూడా ఉండదు. ఇంత దూరం వస్తుందని అతను అనుకున్నాడో లేదో సుందరికి తెలియదు. ఎస్సై ముఖం చూస్తే, ఆయనా అదే ఆలోచిస్తున్నాడని అర్థమైంది. ఈసారి ఇద్దరూ ఒక్క లెక్కే వేస్తున్నారు.

"పైన పెద్దాయన దగ్గర ఎవరున్నరు?" అని అడిగాడు ఎస్సై మెల్లగా.

సుందరి అప్పటికే మెట్లెక్కుతోంది. రెండో అంతస్తు, ఎడమ పక్క మూడో గది. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆమె తట్టకుండా తోసింది.

గంగాధరరావు ప్రశాంతంగా నిద్రపోతున్నాడు. గ్లూకోజు సీసా బొట్టుబొట్టుగా దిగుతోంది. ఛాతీ నిదానంగా లేస్తూ పడుతోంది. అది అయిదుసార్లు లేచి పడేదాకా ఆమె లెక్కపెట్టింది. మంచం పక్క స్టూలు మీద ధీరజ్ ఒక ఫారం మోకాలి మీద పెట్టుకుని నింపుతున్నాడు. పైన ఆ నాగారం హోమ్ పేరుంది. కింద సంతకం చోటు ఇంకా ఖాళీగా ఉంది, నిద్రలో ఉన్న బాబాయి బొటనవేలికి మాత్రం అప్పటికే సిరా పూసి ఉంది.

ధీరజ్ తలెత్తి నవ్వాడు. "మీరింకా వెళ్లలేదా మేడం? మధ్యాహ్నం నుంచి తిరుగుతున్నారు. ఇక నేనున్నాను కదా."

సుందరి కాగితం అతని మోకాలి మీద నుంచి తీసుకుని గుమ్మంలోకి వచ్చిన ఎస్సై చేతికిచ్చింది. చెంగుతో గంగాధరరావు వేలి సిరా తుడిచింది. గోడ పక్కనున్న కుర్చీ లాగి, మంచానికీ ధీరజ్‌కీ మధ్య వేసుకుని కూర్చుంది.

"ఈయన దగ్గర నేనుంటాను," అంది. "మీరు ఎస్సై గారితో బయటికి నడవండి. నిన్న సాయంత్రం మీ జేబులో వేసుకుపోయిన గడియారం ముక్క ఎక్కడుందో ఆయనకి చెప్పాలి."